కారులోని చిన్న బొద్దింకలు స్ప్రేకు ఎందుకు పోవు, ఎలా పోతాయి

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే పరిస్థితి ఇది. విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నిలిపే మీ ఐదేళ్ళ నాటి హ్యాచ్‌బ్యాక్ కారులో రెండు నెలలుగా చిన్న గోధుమరంగు పురుగులు తిరుగుతున్నాయి. పగలు ఒకటీ అరా కనిపిస్తున్నాయి. రాత్రి తలుపు తీసి లైటు వెలిగించేసరికి సీటు సందుల్లోకీ డ్యాష్‌బోర్డు కిందికీ పరుగెత్తుతున్నాయి. బజారులో దొరికే స్ప్రే డబ్బా రెండుసార్లు కొట్టారు, కర్పూరం పెట్టారు, కలరా ఉండలు పెట్టారు. ప్రతిసారీ వారం పది రోజులు తగ్గి, మళ్ళీ అంతకంత అయ్యాయి. ఇప్పుడు ఎవరో బియ్యం బస్తాల్లో పెట్టే బిళ్ళ ఒకటి రాత్రికి కారులో పెట్టి అద్దాలు మూసేయమని సలహా ఇచ్చారు. వెనుక సీటులో మీ నాలుగేళ్ళ పాప కూర్చుంటుంది.

అన్నిటికంటే ముందు ఆ చివరి సలహా సంగతి చెప్పాలి. దయచేసి ఆ బిళ్ళ కారులో పెట్టకండి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే దాని నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. 3 గ్రాముల బిళ్ళ ఒకటి సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్‌ను వదులుతుంది. చిన్న కారు లోపలి ఖాళీ 3 ఘనమీటర్లు అనుకుంటే, ఆ ఒక్క బిళ్ళతోనే గాలిలో ఆ వాయువు 200 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 200 వంతులు) దాటుతుంది. 50 పీపీఎం ఉంటేనే మనిషి ప్రాణానికి తక్షణ ముప్పుగా లెక్కిస్తారు. దీనికి విరుగుడు మందు లేదు. తెల్లవారి అద్దాలు దించితే వాయువు పోతుంది కదా అనుకోవచ్చు. కానీ అప్పటికి బిళ్ళ పూర్తిగా కరిగి ఉండకపోవచ్చు, మిగిలిన పొడి సీటు కింద రాలి ఉంటే అది ఆ తరువాత కూడా వాయువును వదులుతూనే ఉంటుంది. పైగా ఫాస్ఫీన్ రాగిని తినేస్తుంది. కారులోని వైర్లు, సర్క్యూట్లు అన్నీ రాగితోనే నడుస్తాయి. చట్టం ప్రకారం కూడా ఈ బిళ్ళ ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ నిపుణులు మాత్రమే వాడవలసినది. కొన్ని దుకాణాల్లో అడిగితే ఇచ్చేస్తున్నారన్నది నిజమే, కానీ అది ఇంట్లో వాడుకోదగిన వస్తువని దానికి అర్థం కాదు. ఇప్పటికే కొని తెచ్చి ఉంటే డబ్బా తెరవకుండా, పాపకు అందనిచోట, మనుషులు పడుకోని చోట ఉంచి, కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఇరవై రెండేళ్ళుగా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చీడపురుగుల నివారణ పని చేస్తున్నాను. హోటళ్ళు, ఆసుపత్రులు, బస్సులతో పాటు కొన్ని వందల కార్లు చూశాను. ఆ అనుభవం మీద మీకు గట్టిగా చెప్పగలిగినది ఒక్కటే: మీ కారులో పురుగులు పోకపోవడానికి స్ప్రే బలం చాలకపోవడం కారణం కాదు, స్ప్రే కొట్టడమే కారణం. ఎందుకో అర్థం కావాలంటే అది ఏ పురుగో ముందు తెలియాలి.

మీరు ఇచ్చిన వర్ణనను బట్టి ఇవి జర్మన్ బొద్దింకలు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. వంటింటి మోరీల్లో కనిపించే పెద్ద ఎర్ర బొద్దింక రెండున్నర, మూడు రెట్లు పెద్దది. దాని పిల్లలు ఇవి అని చాలామంది పొరబడతారు. జర్మన్ బొద్దింక పూర్తిగా పెరిగినా 10 నుంచి 15 మిల్లీమీటర్లకు మించదు. లేత గోధుమరంగులో ఉండి, తల వెనుక భాగంలో రెండు నల్లటి నిలువు చారలు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లలు ఇంకా చిన్నవి, ముదురు రంగువి, రెక్కలు లేనివి. ఒకదాన్ని పారదర్శకమైన టేపుతో అంటించి, సెల్‌ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి చూడండి. చారలు నిలువుగా కాక రెక్కల మీద అడ్డంగా, లేతరంగు పట్టీల్లా ఉంటే అది మరో చిన్న జాతి. ఆ తేడా చిన్న విషయం కాదు: జర్మన్ బొద్దింకకు తేమ కావాలి కనుక అది ఏసీ పరిసరాల్లో, సీట్ల కింద ఉంటుంది, అడ్డపట్టీల బొద్దింక పొడిగా, వెచ్చగా ఉండే ఎత్తైన చోట్లను ఇష్టపడి డ్యాష్‌బోర్డు లోపల, పైకప్పు గుడ్డ అంచుల్లో చేరి, గుడ్ల తిత్తులను అక్కడే అంటించి వెళ్ళిపోతుంది. చికిత్స రెండింటికీ దాదాపు ఒకటే, వెతకవలసిన చోటు మాత్రం మారుతుంది.

పేరులో జర్మనీ ఉన్నా ఈ పురుగు పుట్టుక మన వైపే. 1767లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు. 2024లో వెలువడిన జన్యు అధ్యయనం మాత్రం ఇది సుమారు 2,100 ఏళ్ళ కిందట భారతదేశంలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి వేరుపడి, మనుషుల ఇళ్ళకు అలవాటు పడిందని తేల్చింది. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఇది అడవిలో, చెట్లమీద బతికే పురుగు కాదు. మనిషి కట్టడాలనూ మనిషి సామాన్లనూ విడిచి ఉండదు. అందువల్ల మీ కారులోకి ఇది చెట్టు మీద నుంచి రాలిపడలేదు. ఏదో ఒక అట్టపెట్టెలోనో సంచిలోనో మీరే ఎక్కించుకొచ్చారు, లేదా పక్కనే ఉన్న ఇంటి నుంచో బండి నుంచో నడిచి వచ్చింది. ఆ మూలం తెలియకపోతే ఎంత శుభ్రం చేసినా పని రెండోసారి మొదలుపెట్టవలసి వస్తుంది.

స్ప్రే ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చూద్దాం. బజారు స్ప్రేల్లో ఉండేవి ఎక్కువగా పైరిథ్రాయిడ్ జాతి మందులు. అవి నేరుగా తగిలిన పురుగును చంపుతాయి. తగలని పురుగును చెదరగొడతాయి. ఇల్లయితే చెదిరినవి మరో గదిలోకి పోతాయి. కారులో పోయే దారి లేదు కనుక సీటు నురుగు లోపలికి, డ్యాష్‌బోర్డు వెనుకకు, ఏసీ గొట్టాల్లోకి, అంటే మన చేయి పోని చోటికి చేరతాయి. దానికి తోడు ఆడ బొద్దింక గుడ్ల తిత్తిని పొట్ట చివర మోస్తూనే తిరుగుతుంది. పిల్లలు బయటికి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే దాన్ని వదులుతుంది. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లు ఉంటాయి, ఆ పెంకును స్ప్రే చొచ్చుకుపోలేదు. తల్లి చచ్చినా, విడుదలకు దగ్గరపడిన తిత్తి నుంచి పిల్లలు వస్తాయి. మీకు వారం పది రోజులు తగ్గినట్టు కనిపించి మళ్ళీ పెరిగింది అందుకే. ఈ జాతి దశాబ్దాలుగా ఈ మందులకు ఓర్పు పెంచుకుంటూ వచ్చిందన్నది మరో కారణం.

మూడేళ్ళ కిందట ఒక ట్యాక్సీ యజమాని నా దగ్గరకు ఇలాంటి కారే తెచ్చాడు. నాలుగుసార్లు స్ప్రే కొట్టించాడు, ఒకసారి పొగ కూడా పెట్టించాడు. మొదట సీట్ల కింద మాత్రమే ఉన్న బొద్దింకలు నేను చూసేనాటికి ఏసీ బ్లోయర్ దాకా పాకాయి. ఏసీ వేయగానే గాలి వచ్చే జాలీల్లోంచి పిల్లలు ముందు సీటులో కూర్చున్న వాళ్ళ ఒళ్ళో పడేవి. మొదటి రోజే వచ్చి ఉంటే నెల రోజుల్లో తేలిపోయే పనికి రెండున్నర నెలలు పట్టింది. అందుకే ఈ విషయంలో నేను ఇంత పట్టుదలగా మాట్లాడుతున్నాను. ఈ రోజు నుంచి స్ప్రే డబ్బా ముట్టుకోవద్దు. అది కారులోనే ఉండిపోయి ఉంటే ముందు బయటికి తీయండి. అందులోని వాయువు మండే స్వభావం కలది, ఎండలో నిలిపిన కారులో డబ్బా పేలే ప్రమాదం ఉంది.

కర్పూరం, కలరా ఉండల గురించి కూడా రెండు మాటలు. వీటి ఘాటుకు పురుగు కొంచెం దూరం జరుగుతుంది తప్ప చావదు. పైగా మూసి ఉన్న కారులో, మన ఎండల్లో కలరా ఉండల ఆవిరి బాగా దట్టమవుతుంది. అవి నాఫ్తలీన్‌తో చేసినవైతే, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలదు. ఆ లోపం ఉన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. కర్పూరం బిళ్ళ పిల్లలు నోట్లో పెట్టుకుంటే మూర్ఛలు రావచ్చు. రెండూ తీసేయండి. డైక్లోర్‌వాస్ అనే పాత మందును దూదిలో ముంచి సీటు కింద పెట్టమని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి దానిపై నిషేధం ఉంది, పాత సీసా దొరికినా వాడకూడదు.

ఎండలో నిలిపితే వేడికి చస్తాయా అని మీరు అడిగారు. ప్రశ్న సరైనదే, ఎందుకంటే 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొంతసేపు ఉంటే ఈ బొద్దింక బతకదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టెంపీ నగరంలో ఎండలో గంటసేపు నిలిపిన కార్లపై చేసిన, 2018లో వెలువడిన పరిశోధనలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు, సీట్లు 51 డిగ్రీలకు, లోపలి గాలి 47 డిగ్రీలకు చేరాయి. మే నెలలో బెజవాడ ఎండ అంతకు పెద్దగా తీసిపోదు. అయితే ఆ వేడి ఎండ తగిలే పైభాగాలకు సంబంధించినది. సీటు కింద, తివాచీ కింద, తలుపు లోపలి బోలులో వేడి అంత చేరదు, చేరినా నెమ్మదిగా చేరుతుంది. బొద్దింకకు చల్లని చోటికి జరిగే తెలివీ వేగమూ రెండూ ఉన్నాయి. కాబట్టి ఎండను చికిత్సగా నమ్ముకోకండి. శుభ్రం చేసిన తరువాత లోపలి తేమను ఆర్పడానికి ఒక పూట ఎండలో తలుపులు తెరిచి ఉంచడం మాత్రం ఎంతో మేలు చేస్తుంది.

ఇప్పుడు చేయవలసిన పని. మొదటి మూడు రాత్రులు ఏమీ చంపకండి, లెక్క పెట్టండి. ఎలుకల కోసం అమ్మే జిగురు అట్టను చిన్న ముక్కలుగా కోసినా సరే, బొద్దింకల కోసమే అమ్మే జిగురు పెట్టెలైనా సరే, ఎనిమిది చోట్ల పెట్టండి: ముందు సీట్ల కింద రెండు, వెనుక సీటు కింద రెండు, గ్లవ్ బాక్సులో ఒకటి, డ్రైవరు కాళ్ళ దగ్గర పెడల్స్‌కు తగలకుండా ఒక పక్కగా ఒకటి, డిక్కీలో ఒకటి, స్టెప్నీ గుంటలో ఒకటి. వాటి మీద పెన్నుతో అంకెలు వేయండి. కారు నడిపేటప్పుడు, ముఖ్యంగా డ్రైవరు పక్కది, తీసి పక్కన పెట్టి రాత్రికి మళ్ళీ పెట్టండి. నాలుగో రోజు ఉదయం ఏ అట్టకు ఎన్ని అంటుకున్నాయో, వాటిలో పిల్లలు ఎన్నో రాసుకోండి. పిల్లలు గూడు విడిచి దూరం పోవు. కనుక చిన్నవి ఎక్కువ పడిన చోటికి అడుగు, అడుగున్నర లోపే గూడు ఉంటుంది. ఈ మూడు రోజుల ఓపిక తరువాత మూడు వారాల శ్రమను తగ్గిస్తుంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళందరికీ ముందు నేర్పింది ఇదే.

ఆ తరువాత శుభ్రం చేయడం. దీనికి ఒక పూట మొత్తం కేటాయించండి. సెల్లార్‌లో కాక వెలుతురున్న చోట, మీ ఇంటికీ ఇతర కార్లకూ దూరంగా బండి నిలపండి. లోపల ఉన్న ప్రతి వస్తువునూ తీసి, ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి. తిరిగి లోపల పెట్టే ముందు ఒక్కొక్కటీ దులిపి చూడాలి. సీట్ కవర్లు విప్పండి. మన కార్లలో సీట్ కవరుకూ అసలు సీటుకూ మధ్య, నేల మీద పరిపించే మందపాటి లామినేషన్ మ్యాటుకూ కింది తివాచీకీ మధ్య ఎంత తిండి పేరుకుని ఉంటుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. పాప తిన్న బిస్కట్ల పొడి, పల్లీ పట్టీ ముక్కలు, మిరపకాయ బజ్జీల పిండి తునకలు, గుడి నుంచి తెచ్చిన కొబ్బరి చెక్కల తురుము, లడ్డూ పలుకులు అన్నీ అక్కడే ఉంటాయి. ఒక లడ్డూ పలుకు ఈ పురుగులకు చాలా రోజుల భోజనం. తిండి లేకపోయినా నీళ్ళుంటే నెల దాకా బతకగలవు. నీళ్ళు కూడా లేకపోతే రెండు వారాలకు మించి బతకడం కష్టం. అందుకే తిండితో పాటు తేమను కూడా తీసేయాలి.

వాక్యూమ్ క్లీనరుకు సన్నటి మూతి పెట్టి, సీటును పూర్తిగా ముందుకు జరిపి వెనుక భాగం, పూర్తిగా వెనక్కి జరిపి ముందు భాగం పీల్చండి. సీటు జరిగే ఇనుప పట్టాలు, సీటు వీపూ కింది భాగమూ కలిసే సందు, సీటు బెల్టు బకిల్ గుంట, హ్యాండ్ బ్రేకు చుట్టూ ఉండే ముడతల తోలు, కప్పు పెట్టే గుంటలు, తలుపు జేబులు, తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్ లోపలి వైపు, స్టెప్నీ కింద, ఇవేవీ వదలకూడదు. ముందు సీట్ల కింద పసుపుపచ్చ రంగు ప్లగ్గులు కనిపిస్తే వాటిని కదిలించకండి, ఊడదీయకండి. అవి ఎయిర్‌బ్యాగు వైర్లవి. అయిపోయాక వాక్యూమ్ సంచిని వెంటనే కట్టి బయటి చెత్తలో వేయండి, ఇంట్లోకి తీసుకెళ్ళవద్దు. ఈ పని చేసేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. బొద్దింకల రెట్ట, రాలిన పొరలు ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి, పాపను ఆ పూట దగ్గరికి రానివ్వకండి. తరువాత సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో గట్టి భాగాలన్నీ తుడవండి. ఇది అందం కోసం కాదు. ఇంతకు ముందు కొట్టిన స్ప్రే పొర అక్కడ మిగిలి ఉంటే, మనం పెట్టబోయే ఎర దగ్గరికి బొద్దింక రాదు.

ఏసీ విషయంలో మీరు ఒక సంగతి గమనించారో లేదో. గ్లవ్ బాక్సు వెనుక ఉండే ఏసీ ఫిల్టరును తీసి చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్సు రెండు పక్కలా నొక్కి కిందికి వంచితే అది కనిపిస్తుంది. నల్లటి మిరియపు పొడి లాంటి రెట్ట ఉంటే ఫిల్టరు మార్చేయండి. డ్రైవరు పక్క సీటు ముందు తివాచీని చేత్తో గట్టిగా నొక్కి చూడండి. తడిగా ఉంటే ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం పూడుకుపోయిందని అర్థం. మంచి ఏసీ నడిచిన కారు కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడాలి. పడకపోతే అవి లోపలే నిలిచి, ఆ బొద్దింకలకు చలివేంద్రం పెట్టినట్టవుతుంది. మెకానిక్ చేత ఆ గొట్టం ఊదించడం పది నిమిషాల పని. నేను చూసిన మొండి కేసుల్లో చాలావాటికి ఈ తడి తివాచీయే కారణం.

ఇక మందు. ఇలాంటి పనికి నేను నమ్మేది జెల్ ఎర ఒక్కదాన్నే. లేబుల్ మీద ఫిప్రోనిల్ 0.05 శాతం అనో, ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం అనో ఉన్న బొద్దింకల జెల్ సిరంజి రూపంలో దొరుకుతుంది. ఇవి వెంటనే చంపవు, అదే వీటి గొప్పతనం. తిన్న బొద్దింక గూటికి వెళ్ళి అక్కడ చస్తుంది. దాని రెట్టనూ శవాన్నీ తిన్న పిల్లలకూ విషం చేరుతుంది. గూడు విడిచి రాని పిల్లలకు మందు అందించే దారి ఇంతకంటే మరొకటి లేదు.

జెల్‌ను కుప్పగా పెట్టకూడదు. పెసరగింజంత చుక్కలు పదిహేను ఇరవై చోట్ల పెట్టాలి. కారు లోపలి ప్లాస్టిక్‌కూ గుడ్డకూ మరక కాకుండా, చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద చుక్క పెట్టండి. పని అయ్యాక టేపుతో సహా ఊడదీయవచ్చు. జిగురు అట్టల లెక్కలో ఎక్కువ పడిన చోటికి ఎక్కువ చుక్కలు పోవాలి. సీటు పట్టాల లోపలి వైపు, సీటు చట్రం అడుగున, గ్లవ్ బాక్సు మడత కీలు దగ్గర, మధ్య కన్సోల్ అడుగు పక్కన, డిక్కీ మూలల్లో, స్టెప్నీ గుంట అంచున పెట్టవచ్చు. ఎండ పడే డ్యాష్‌బోర్డు పైన పెట్టకండి. అక్కడ గంటల్లో ఎండి గట్టిపడుతుంది, వెలుతురుకు ఫిప్రోనిల్ బలం కూడా తగ్గుతుంది. ఫ్యూజు పెట్టెలో, వైర్ల జాయింట్ల మీద, గాలి వచ్చే జాలీల్లో అస్సలు పెట్టకండి. పాప కూర్చునే సీటుకు చేయి అందేంత దూరంలో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. ఆ సీటు అడుగున, పాప కాళ్ళూ చేతులూ పోని చట్రం వెనుక మాత్రమే పెట్టండి. బోరిక్ పొడి గురించి ఎవరైనా చెబితే, చిన్న పిల్లలున్న కారులో వద్దని నా అభిప్రాయం. మందుగా అది మంచిదే, కానీ కారు కుదుపులకూ ఏసీ గాలికీ ఆ పొడి ఎగిరి సీట్ల మీదికి వస్తుంది.

జెల్ పెట్టిన పది రోజులు కారును వీలైనంత నీడలో నిలపండి. రెండో మూడో రోజు నుంచి పట్టపగలు మత్తుగా తిరిగే బొద్దింకలు, వెల్లకిలా పడినవి కనిపిస్తాయి. వాటిని చూసి కంగారుపడి స్ప్రే కొట్టవద్దు. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. కారు వేడికి జెల్ త్వరగా ఎండుతుంది కనుక పది పన్నెండు రోజులకు పాత చుక్కలు తీసి కొత్తవి పెట్టాలి. అప్పటికే గుడ్ల తిత్తుల్లో ఉన్నవి మన వాతావరణంలో రెండున్నర, మూడు వారాలకు బయటికి వస్తాయి. వాటి కోసం నెల రోజులకు మూడోసారి పెట్టాలి. చాలామంది రెండో వారంలో ఒక్కటీ కనిపించక ఆపేస్తారు, మూడో నెలలో మళ్ళీ నాకు ఫోను చేస్తారు. రెండోసారి జెల్ పెట్టినా అట్టలకు అంటుకునే పురుగుల సంఖ్య సగానికి కూడా తగ్గకపోతే, మందు రకం మార్చండి. ఫిప్రోనిల్ వాడి ఉంటే ఇమిడాక్లోప్రిడ్‌కు, ఇమిడాక్లోప్రిడ్ వాడి ఉంటే ఫిప్రోనిల్‌కు. ఎరలోని గ్లూకోజు రుచినే చేదుగా గుర్తించి ముట్టని బొద్దింకల సంతతులు ఉన్నాయని, వాటి నోటి దగ్గరి రుచి నరాలు ఎలా మారాయో 2013లో శాస్త్రజ్ఞులు వివరించారు. మరో కంపెనీ ఎరలో తీపి పదార్థం వేరుగా ఉంటుంది కాబట్టి ఆ మార్పు కూడా పనికొస్తుంది. ఏ మందు కొన్నా డబ్బా మీది రంగు త్రిభుజం చూడండి. మన దేశంలో ఎరుపు అత్యంత విషపూరితం, ఆ తరువాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. ఇంటి కారులో ఎరుపు, పసుపు త్రిభుజాల మందులకు పని లేదు.

ఇదంతా చేస్తూనే మూలం వెతకాలి. ఒక జిగురు అట్ట మీ వంటింట్లో సింకు కింద, ఒకటి ఫ్రిజ్ వెనుక మోటారు దగ్గర, ఒకటి సెల్లార్‌లో మీ కారు నిలిపే గోడ మూల పెట్టండి. ఇంట్లో ఇదే జాతి పడితే కారు కంటే ముందు ఇంటికి జెల్ పెట్టాలి, లేకపోతే మీ చేతి సంచీలే వాటికి బస్సులవుతాయి. కిరాణా కొట్టు నుంచి సరుకులు వచ్చిన ముడతల అట్టపెట్టెలను డిక్కీలో దాచుకునే అలవాటు ఉందా? ఆ ముడతల మధ్య ఖాళీ జర్మన్ బొద్దింక పిల్లకు సరిగ్గా సరిపోయే ఇల్లు. హోటల్ నుంచి, బేకరీ నుంచి, పెళ్ళి వంటల దగ్గర నుంచి వచ్చే పెట్టెల్లో ఇవి ఎక్కువ. పెట్టెను డిక్కీలో ఎక్కించే ముందు నేలకు రెండుసార్లు తట్టి చూడండి, ఇల్లు చేరిన రోజే దాన్ని బయట పడేయండి. సెల్లార్ గోడ దగ్గర పడితే అది మీ ఒక్కరి సమస్య కాదు. అపార్ట్‌మెంటు సంఘం వారితో మాట్లాడి డ్రైనేజీ మూతలు, వాచ్‌మన్ గది, చెత్త డబ్బాల చోటు కలిపి ఒకేసారి చేయించాలి.

టేపుకు అంటించి చూసినప్పుడు అవి బొద్దింకలు కాకపోతే దారి వేరు. 3 మిల్లీమీటర్ల పొడవుండి, ముందు ఏనుగు తొండంలా ముక్కు సాగి ఉంటే అవి బియ్యపు ముక్కుపురుగులు. ఊరి నుంచి తెచ్చిన బస్తా నుంచి రాలినవి. గింజ లేనిదే అవి పెరగవు కనుక వాక్యూమ్ చేస్తే చాలు, మందు అక్కర్లేదు. వానాకాలంలో తడిసిన కారులో గుండుసూది తలంత లేత తెల్లటి పురుగులు గుంపుగా కనిపిస్తే అవి బూజును తిని బతికేవి. కారు ఆరితే అవే పోతాయి. సీటు కుట్ల వెంట నల్లటి చుక్కలు, ఒంటి మీద వరుసగా దద్దుర్లు ఉంటే నల్లులని అనుమానించాలి. హాస్టలు పరుపులు, రైలు ప్రయాణపు సామాను వాటికి దారి. జెల్‌ను నల్లి ముట్టదు, ఎందుకంటే అది రక్తం తప్ప మరేదీ తినదు. దానికి తడి ఆవిరి యంత్రంతో, అనుభవం ఉన్నవాళ్ళ చేత చేయించాలి. కుక్కను కారులో తిప్పేవారికి గోమార్లు వస్తాయి. ముందు కుక్కకు పశువైద్యుడి దగ్గర మందు వేయించకుండా కారును ఎంత కడిగినా లాభం లేదు.

చీమల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అక్కడా స్ప్రే చేసే నష్టం ఇలాంటిదే. మామిడిచెట్టు కింద కారు నిలిపితే ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలు కొమ్మల మీద నుంచి దిగుతాయి. వాటి గూడు చెట్టు మీదే ఉంటుంది కనుక కారు చోటు మారిస్తే చాలు. లేత పసుపురంగు చిన్న చీమలు మాత్రం కారులోనే గూడు పెట్టగలవు. వాటి మీద స్ప్రే కొడితే ఒక గూడు నాలుగు గూళ్ళుగా చీలిపోతుంది, ఎందుకంటే ఒక్కో గుంపులో చాలా రాణులుంటాయి. పంచదార నీళ్ళలో బోరిక్ ఆసిడ్ వందకు ఒక వంతు మాత్రమే కలిపి, దూదిలో ముంచి, మూతకు చిల్లులు పెట్టిన చిన్న డబ్బాలో ఉంచి, పాపకు అందని చోట పెట్టాలి. మోతాదు పెంచితే చీమ దారిలోనే చస్తుంది, గూటికి మందు చేరదు.

నెల రోజులు, మూడు విడతల జెల్ తరువాత కూడా అట్టలకు పిల్లలు అంటుతూ ఉంటే, లేదా ఏసీ జాలీల్లోంచి పురుగులు పడుతూ ఉంటే, గూడు డ్యాష్‌బోర్డు లోపల ఉందని అర్థం. అప్పుడు మెకానిక్కు, పెస్ట్ కంట్రోల్ మనిషి ఇద్దరూ కలిసి డ్యాష్‌బోర్డు విప్పి చేయవలసిన పని అది. 1968 కీటకనాశినుల చట్టం కింద లైసెన్సు ఉన్నవారినే పిలవండి, ఏ మందు వాడుతున్నారో పేరు, శాతం రాసి ఇవ్వమని అడగండి, పొగ పెడతామంటే ఒప్పుకోకండి. మంచి పనివాడు ఈ ప్రశ్నలకు చికాకు పడడు.

ఎనిమిది అట్టలనూ వరుసగా రెండు నెలలు, పదిహేను రోజులకొకసారి మూడు రాత్రుల చొప్పున పెట్టి చూడండి. నాలుగు సార్లూ ఒక్కటి కూడా అంటకపోతే టేపు ముక్కలన్నీ లెక్కపెట్టి తీసేసి, ఆ చోట్లను తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మొదటి మూడు రాత్రుల్లో ఏ అట్టకు ఎన్ని అంటుకున్నాయో, వాటి ఫోటోతో పాటు ఇక్కడ రాస్తే, జెల్ చుక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో మీ కారుకు తగినట్టు చెబుతాను.